కిరాయి గదుల్లోని అక్కచెల్లెళ్లు

(సర్వసభ్య సమావేశంలో ముత్తంగి సభ్యురాలు ఒకరు చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పు ఎంత అనేది ఇంతకుముందే చదివిన్రు. నేను వేరే ముచ్చట చెప్తాను.

మన ముత్తంగి ఎట్లుంటదో మీకు తెలిసిందే. అటు పాశమైలారం, ఇటు పటాన్‌చెరు, నడుమ హైవే. షిఫ్టు బస్సులు పోయినంక గల్లీల్లో మిగిలే ఆడవాళ్లలో చాలామంది మాట మనకు అర్థం కాదు. మన ఇండ్లలోనే కిరాయికి ఉంటరు, మనం మాత్రం "ఆ బీహారోళ్లు" అంటం. ఒడిశా నుంచి వచ్చినామెను గూడ బీహారామే అంటం!

2020 లాక్‌డౌన్ యాదికి తెచ్చుకోండి. కంది ఐఐటీ పనుల మీదున్న కూలీలు ఇండ్లకు పంపమని రోడ్డెక్కిన్రు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో రైలు పోయింది. దేశంలో మొదటి శ్రామిక్ రైలు అదే. సర్కారు వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది. మనం అన్నం వండి పొట్లాలు కట్టి పంచినం. అన్నం పెట్టడానికి మనలో ఎవ్వరూ వెనుకాడలేదు. సంఘంలో చేర్చుకునే కాడికి వచ్చేసరికే గొడవ మొదలైంది.

బొలంగీర్ జిల్లా నుంచి వచ్చిన ఒకామె మా సమావేశం జరిగే ఇంటి పక్క గదిలో ఉండేది. ప్రతి వారం గడప దగ్గర నిలబడి చూసేది. ఒకరోజు సంచిలోంచి పాత పుస్తకం తీసి చూపించింది. ఒడియాలో రాసి ఉంది, అంకెలు మాత్రం అర్థమైనయి. పొదుపు పుస్తకం! వాళ్ల దిక్కు మిషన్ శక్తి సంఘాలు 2001 నుంచే ఉన్నయట. ఆమె మనకంటే సీనియర్.

అయినా మా సభ్యులు ఒప్పుకోలేదు. "రేపు చెప్పకుండ పోతే ఆమె అప్పు మనమెందుకు కట్టాలె?" అన్నరు. నేనూ ఆ మాటే అన్నాను, దాచేదేం లేదు. బ్యాంకు వాళ్లు ఇక్కడి చిరునామా అడిగిన్రు. చివరికి ఒక తీర్మానం చేసినం: ఆరు నెలలు పొదుపు మాత్రమే, తర్వాత మన సొంత పొదుపులోంచి చిన్న అప్పు, బ్యాంకు లింకేజీలో పేరు వద్దు. పిల్లగానికి అంగన్‌వాడీ చూపించినం. రేషన్ కార్డు ఒడిశాదే అయినా ఇక్కడి షాపులో వేలిముద్ర పెట్టి తన వాటా తీసుకోవచ్చని ఆమెకు తెలియదు. నిజానికి మాకూ తెలియదు, డీలర్‌ను అడిగి తెలుసుకున్నాం.

నువాఖాయి పండుగకు ఊరికి పోతానంటే అప్పటికి 4,000 బాకీ ఉంది. ఇగ రాదు అనుకున్నం. ఇరవై రోజులకు వచ్చింది, డబ్బాలో అరిసెలు తెచ్చింది. వాళ్లు గూడ అరిసె పిఠా అంటరట.

అందరూ అట్లా రాలేదు. ఇంకొకామె 2,200 బాకీతో పోయింది, ఫోను కలవలేదు. ఆ పైసలు మేమే తలా ఇంత వేసుకున్నం. ఇప్పటికీ దాని మీద ఒకరిద్దరికి కోపమే.

పోయినేడు జూన్ 30న, అంటే 2025లో, పాశమైలారంలో పేలుడు అయినప్పుడు చేతిలో ఫోటోలు పట్టుకొని దూరప్రాంతాల నుంచి చుట్టాలు వచ్చిన్రు. ఏ గదిలో ఎవరున్నరు, ఇంటి దగ్గర ఎవరికి ఫోన్ చెయ్యాలె అంటే మన దగ్గర ఒక్క పేరు రాసి లేదు. అన్నేండ్లుగా కిరాయి మాత్రం లెక్కగా తీసుకుంటున్నం.

అందుకని మా సంఘం ఒక పుస్తకం పెట్టింది. గదిలో ఉన్న ఆడవాళ్ల పేరు, సొంతూరు, ఇంటివాళ్ల ఫోను నంబరు, అదీ ఆమె ఇష్టపడి ఇస్తేనే. పుస్తకం సంఘం పెట్టెలోనే ఉంటది, ఇంటి ఓనరుకు గానీ మేస్త్రీకి గానీ చూపించం. ఇప్పటికి 38 పేర్లు ఎక్కినయి. హిందీ రాసే అమ్మాయి ఒక్కతే ఉంది, ఒడియా రాసేవాళ్లు మనలో ఎవరైనా ఉంటే భోజనాలప్పుడు నన్ను కలవండి.