సముద్రతీరపు పరుగు – సాహసం, వివేకం



మైలాపూరు పిల్లలకు సముద్రం పొరుగిల్లు వంటిది. కపాలీశ్వరాలయ మాడవీధుల నుండి తూర్పుగా నడిస్తే శాంథోమ్, ఆ దాపునే పట్టినపాక్కం ఇసుక. రహదారిపై సాగే 42.195 కిలోమీటర్ల మారథాన్‌తో తృప్తి చెందక, ఇసుక, రాళ్లు, అలల అంచు గల తీరపు దారులలో దూరపు పందేలకు సిద్ధమయ్యేవారు నేడు దేశదేశాలలో ఉన్నారు. అందుకు పిల్లలు ఉత్సాహపడడం సహజం. తల్లిదండ్రులు జంకడమూ సహజమే. ఈ రెంటినీ సమన్వయపరచవలసిన బాధ్యత పాఠశాలది.

మొదటిది ఇసుక సంగతి. 1998లో బెల్జియం శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారం, గట్టి నేలపై కంటే ఇసుకపై పరుగుకు సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుంది. అడుగు వేసిన ప్రతిసారీ ఇసుక జారి కాలి బలాన్ని మింగివేస్తుంది. తడి ఇసుక కొంత గట్టిదే గాని, అక్కడ నేల సముద్రం వైపు వాలి ఉండడం వల్ల రెండు కాళ్లపై భారం సమంగా పడదు. కనుక రహదారి వేగాన్ని ఇసుకపై ఆశించరాదు. దూరాన్ని క్రమక్రమంగా పెంచుకోవాలి.

రెండవది గాలిలోని తేమ. చెన్నైలో పట్టిన చెమట త్వరగా ఆరదు. చెమట ఆరనిదే దేహం చల్లబడదు. తల తిరగడం, మాట తడబడడం దేహం పంపే హెచ్చరికలు. అప్పుడు ఆగడం ఓటమి కాదు.

ప్రకృతిని తక్కువగా అంచనా వేసిన ఫలితాన్ని 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో లోకం చూసింది. 100 కిలోమీటర్ల కొండదారి పందెంలో 172 మంది పాల్గొనగా, హఠాత్తుగా విరుచుకుపడిన వడగండ్లకు, చలిగాలికి 21 మంది మరణించారు. వారిలో ప్రసిద్ధ క్రీడాకారులూ ఉన్నారు. వారికి లోపించినది బలం కాదు; తగిన రక్షణ ఏర్పాట్లు. ఆనాడు ఒక గొర్రెల కాపరి ఆరుగురిని గుహలోకి చేర్చి కాపాడాడు. పందెంతో అతనికి సంబంధమే లేదు. అయినా ఆ దినం లోకం కొనియాడినది అతనినే.

మైలాపూరుకు దక్షిణాన అడయారు నది దాటితే, ఎలియట్స్ బీచ్‌లో తెల్లని స్మారక కట్టడమొకటి కనిపిస్తుంది. 1930లో, నీట మునుగుతున్నవారిని కాపాడే ప్రయత్నంలో ప్రాణాలర్పించిన డెన్మార్క్ నావికుడు కాజ్ ష్మిట్ జ్ఞాపకార్థం నిర్మించినది అది. పరుగుకు వెళ్లే ప్రతి విద్యార్థికీ దాని కథ తెలియాలి. పక్కవాడు కూలినపుడు తన పందెం విడిచి చేయి అందించడమే క్రీడాధర్మం.

తల్లిదండ్రులారా, పిల్లలను ఆపవద్దు, ఒంటరిగా పంపవద్దు. పరుగులో అనుభవం గల పూర్వ విద్యార్థులు వారానికొక వేకువజామును ఈ పిల్లలకు కేటాయించాలి. వెంట నీరు, ప్రథమ చికిత్స తెలిసిన పెద్ద ఒకరు తప్పనిసరి. వైద్యుని సలహా పొందిన తరువాతనే పిల్లలను పోటీకి పంపాలి. ఈ ప్లాటినం జూబిలీ సంవత్సరంలో ఆ సాధన ఆరంభమైతే, ఈ పాఠశాల బిడ్డలు ధైర్యంగా బయలుదేరుతారు, క్షేమంగా ఇల్లు చేరుతారు. శుభం.