సమంతభద్రుని కొండకు నలుగురు



చైనా యాత్ర అనగానే మనలో చాలామందికి ఆ పెద్ద గోడే గుర్తుకొస్తుంది. ఈ పూట మీతో ముచ్చటించబోయేది గోడ గురించి కాదు, ఒక కొండ గురించి. నైరుతి చైనాలో, సిచువాన్ రాష్ట్రంలో ఎమెయ్ అనే పర్వతం ఉంది. చైనా బౌద్ధులకు పవిత్రమైన కొండలు నాలుగు. వుతాయ్ మంజుశ్రీది, పుతువో అవలోకితేశ్వరునిది, జియుహువా క్షితిగర్భునిది. ఎమెయ్ సమంతభద్రునిది. ఆయన్ని అక్కడివాళ్లు పుషియన్ అంటారు. ఆయన వాహనం ఆరు దంతాల తెల్ల ఏనుగు.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి వింటున్నవారికి ఆ కొండతో ఏమిటి సంబంధం అంటారా? ఉంది. గండవ్యూహం అనే బౌద్ధ గ్రంథంలో సుధనుడనే యువకుడు గురువులను వెతుక్కుంటూ ఊరూరా తిరిగి, చిట్టచివరికి సమంతభద్రుణ్ణి చేరుకుంటాడు. అతని యాత్ర మొదలైన ధాన్యాకరం మన అమరావతి దగ్గరి ధాన్యకటకమేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఇక ఆ గ్రంథాన్ని ఓఢ్ర దేశపు రాజు తన చేత్తో రాసి 795లో చైనా చక్రవర్తికి పంపించాడు. ప్రజ్ఞుడనే భిక్షువు దాన్ని 798 నాటికి చైనా భాషలోకి తెచ్చాడు. అందులో చివర వచ్చే సమంతభద్రుని పది ప్రతిజ్ఞలను చైనా మఠాల్లో ఇప్పటికీ పారాయణ చేస్తారు. తెలుగువాళ్లు నడిచిన నేల, ఒడియా రాజు రాసిన ప్రతి! రెండు భాషల మధ్య బతికే మనబోటివాళ్లకు ఇంతకన్నా బంధుత్వం ఏం కావాలి?

మేము నలుగురం ఆ కొండకు వెళ్లాలని అనుకుంటున్నాం. ముగ్గురు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, నాలుగోవాణ్ణి నేను. వారిలో పెద్దవారు మాకందరికీ హెడ్మాస్టారుగా ఉన్నవారు. అరవై మూడేళ్లు, కుడి మోకాలు అరిగింది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత ఈ ఒక్క ప్రయాణానికే పక్కన పెట్టుకున్నారు. ఒక ట్రావెల్ ఏజెంటును అడిగితే ఒక్క పూటలో పైకి తీసుకెళ్లి దింపేస్తానన్నాడు. మనం ఇంత దూరం వెళ్లేది శిఖరం మీద ఫోటో దిగడానికా? ఆ ఏర్పాటు నాకు నచ్చలేదు. మోకాలు బాగాలేని మనిషిని వదలకుండా, నడవగలవారికి నడక దక్కకుండా పోకుండా ఏర్పాటు ఎలా చెయ్యాలన్నదే కొన్ని వారాలుగా నా ఆలోచన.

ముందు ఎత్తు సంగతి చూద్దాం. కోరాపుట్ జిల్లాలోని మన దేవమాలి 1,672 మీటర్లు. ఎమెయ్ మీద యాత్రికులు చేరే స్వర్ణశిఖరం 3,077 మీటర్లు. కొండ దిగువన బావోగువో గుడి సుమారు 550 మీటర్ల దగ్గర ఉంది. అంటే మొత్తం ఎక్కాల్సింది రెండున్నర వేల మీటర్లు, అదీ దాదాపుగా అంతా రాతిమెట్లే. అలిపిరి నుంచి తిరుమలకు మూడున్నర వేల మెట్లెక్కి అలసినవారు దీన్ని దానితో పోల్చుకోకండి. ఇది నిండా రెండు రోజుల పని.

కింది నుంచి ఎక్కాలన్న పట్టుదల మాకు లేదు. వాన్నియన్ గుడి సుమారు 1,020 మీటర్ల ఎత్తున ఉంది. బస్సు దిగి రోప్‌వే మీద అక్కడికి చేరవచ్చు. 980లో పోతపోసిన కంచు సమంతభద్రుడు ఏనుగు మీద కూర్చుని ఉన్నది ఆ గుడిలోనే. విగ్రహం ఎత్తు ఏడు మీటర్లకు పైమాటే, బరువు సుమారు 62 టన్నులు. శిఖరం మీద 48 మీటర్ల బంగారు రంగు విగ్రహం ఉంది కాని, అది 2006లో పెట్టినది. నా మట్టుకు నాకు ఆ వెయ్యేళ్ల ఏనుగు ముందు గంటసేపు కూర్చుంటే చాలు. మొదటి రోజు ఉదయం నలుగురం అక్కడ కలిసి ఉంటాం.

అక్కడి నుంచి రెండు జట్లు. నడవగల ఇద్దరు మెట్లదారిన షీషియాంగ్‌చి వరకు ఎక్కి ఆ రాత్రి గుడి వసతిలో ఉంటారు. ఆ మాటకు ఏనుగు స్నానమాడిన కొలను అని అర్థం. సమంతభద్రుని ఏనుగు అక్కడే స్నానం చేసిందని చెప్పుకుంటారు. ఎత్తు 2,070 మీటర్లు. మాస్టారు కిందికి దిగి బస్సులో లెయ్‌డాంగ్‌పింగ్ చేరతారు. ఆయన వెంట నేను వెళ్తాను. నడక పోతుందని కొంచెం బాధగానే ఉంది. కాని భాష తెలియనిచోట అరవై మూడేళ్ల మనిషిని ఒంటరిగా బస్సెక్కించడం కుదరదు.

మాస్టారిని అదేరోజు శిఖరానికి తీసుకుపోకపోవడానికి కారణం ఉంది. రెండున్నర వేల మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వికారం వస్తాయి. దిగువ నుంచి ఒక్క పూటలో మూడు వేల మీటర్లకు ఎగబాకితే ఆ ప్రమాదం ఎక్కువ. లెయ్‌డాంగ్‌పింగ్ 2,430 మీటర్ల దగ్గర ఉంది. అక్కడ ఒక రాత్రి పడుకుంటే ఒంటికి అలవాటవుతుంది. మర్నాడు నడిచేవాళ్లు అక్కడికి వచ్చి కలుస్తారు. కేబుల్ కారు ఎక్కే చోటికి ఇంకా కొంత మెట్లదారి తప్పదు. వెదురు కుర్చీలో మోసుకెళ్లేవాళ్లు ఉంటారు, మన ఏజెన్సీ డోలీ లాంటిదే. మాస్టారు ఒప్పుకుంటారో లేదో! బేరం మాత్రం ఎక్కకముందే తేల్చుకోవాలి.

దిగేటప్పుడు అందరం బస్సులోనే. చాలామంది కేబుల్ కారులో ఎక్కి, దిగడం తేలికే గదా అని మెట్ల మీద దిగుతారు. మోకాళ్లు పాడయ్యేది అక్కడే. ఎక్కేటప్పుడు ఊపిరి కష్టపడుతుంది, దిగేటప్పుడు కీలు కష్టపడుతుంది. ఊపిరి కాసేపటికి తిరిగి వస్తుంది.

శిఖరం మీద ఒక రాత్రి ఉండాలి. అక్కడ బుద్ధకాంతి అని ఒకటి కనిపిస్తుందంటారు. సూర్యుడు వెనక, మబ్బు కింద ఉన్నప్పుడు మన నీడ ఆ మబ్బు మీద పడి, తల చుట్టూ రంగుల వలయం ఏర్పడుతుంది. సన్నని నీటి బిందువులు వెలుతురును చెదరగొట్టడం వల్ల ఇది జరుగుతుంది. పక్కపక్కన నిలబడ్డా ఎవరి తల చుట్టూ వలయం వారికే కనిపిస్తుంది. కొండచరియ తూర్పు ముఖంగా ఉంది కాబట్టి సూర్యోదయం చూడాలంటే తెల్లవారుజామున, ఈ వలయం కోసం మధ్యాహ్నం తరువాత నిలబడాలి. అయితే ఎమెయ్ మీద మంచు కమ్మిన రోజులే ఎక్కువ. కనిపించలేదని నొచ్చుకోవద్దని మావాళ్లకు ముందే చెప్పి ఉంచాను.

ఆ దారిలో కోతులుంటాయి. పొట్టి తోకలు, బలమైన ఒళ్లు. చేతిలో ప్లాస్టిక్ సంచీ కనిపిస్తే లాక్కుంటాయి. తినేవి సంచీ లోపల పెట్టుకోండి, దగ్గరికొస్తే ఖాళీ చేతులు చాపి చూపించండి, నవ్వి పళ్లు చూపించకండి. కరిచినా గీరినా పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లి రేబీస్ టీకా వేయించుకోవాలి.

శాకాహారులకు మఠాల్లో ఇబ్బంది లేదు. అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. బయటి హోటళ్లలో మాత్రం కూరగాయల్లో పంది కొవ్వు పడవచ్చు. అందుకే నేను మాస్టారి జేబులో పెట్టడానికి చైనా లిపిలో రెండు చీటీలు రాయిస్తున్నాను. ఒకటి మాంసం, కొవ్వు తినమని, రెండోది మా బస పేరు. వాట్సాప్, గూగుల్ అక్కడి నెట్‌వర్కు మీద మామూలుగా పనిచెయ్యవు. చెల్లింపులన్నీ ఫోన్ల మీదే. బయలుదేరే ముందే అలీపే వంటి యాప్‌లో మన కార్డు కలుపుకుని, కొంత నగదు కూడా ఉంచుకోండి. టిక్కెట్లకు పాస్‌పోర్టు తప్పనిసరి.

ఇక చేరే దారి. 2020లో ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు మళ్లీ మొదలయ్యాయి. అక్కడి నుంచి చెంగ్డూకు మరో విమానం. చెంగ్డూ నుంచి ఎమెయ్‌కు 2014 నుంచి వేగపు రైళ్లు నడుస్తున్నాయి. తిరుగుదారిలో లెషాన్‌లో కొండను తొలిచిన 71 మీటర్ల బుద్ధుణ్ణి కూడా చూడవచ్చు.

మేము ఏప్రిల్ మూడో వారం అనుకున్నాం. జూలై, ఆగస్టుల్లో వానలు, చలికాలంలో మెట్ల మీద గడ్డకట్టిన మంచు. మే 1, అక్టోబరు 1 సెలవుల్లో మెట్ల మీద కాలు పెట్టే చోటుండదు. కిందికీ పైకీ పదిహేను డిగ్రీల తేడా ఉంటుంది కాబట్టి స్వెట్టరూ, రెయిన్‌కోటూ సంచీలో ఉండాలి. అప్పటివరకు నడిచే ఇద్దరూ రోజూ తెల్లవారే లేచి, భుజాన అయిదు కిలోల సంచీతో మా ఊరి గుట్ట మెట్లు ఎక్కుతున్నారు. మాస్టారు డాక్టరు గారు చెప్పిన మోకాలి వ్యాయామం చేస్తున్నారు. బి.పి. మందుల చీటీ ఇంగ్లీషులో రాయించుకోవడం ఇంకా మిగిలి ఉంది. వచ్చే సోమవారం ఆ పని.