వార్త మన దగ్గరకు ఏ దారిన వస్తోంది?

(అరకు లోయలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇంటర్నెట్ ఫీడ్ల గురించి మాట్లాడమన్నారు. నేను కంప్యూటర్ల మనిషిని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. అందుకని ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జి.ఓ. 3ను కొట్టివేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడులలో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక ఆదివాసులకేనని 2000లో ఇచ్చిన ఉత్తర్వు అది. అవి లాక్‌డౌన్ రోజులు. ఈ కొండల్లో వార్త సంతదారిన నడుస్తుంది. ఉప్పుకీ కిరసనాయిలుకీ వచ్చిన ఆడవాళ్ళు పదిమాటలు విని, పక్క ఊరివాళ్ళను అడిగి, సరిచూసుకుని కొండెక్కుతారు. ఆ దారి మూతపడింది. మిగిలింది వాట్సాప్. కొన్నాళ్ళకి అనంతగిరి వైపు నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. "1/70 తీసేసినారంట గదా మేడమ్, మా భూములు ఇంక ఎవులైనా కొనుక్కోవచ్చంట?"

జి.ఓ. 3 తీర్పుకీ 1970 నాటి భూబదలాయింపు నిబంధనకీ సంబంధం లేదు. అప్పటికే చేరిన టీచర్ల నియామకాలను కూడా కోర్టు షరతులతో ఉండనిచ్చింది. కానీ ఆ అక్క భయాన్ని అమాయకత్వం అనకండి. అదే అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద జరిగిన పోరాటం నుంచే 1997 జూలై 11 నాటి సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదన్న తీర్పు. చట్టం పోయిందన్న పుకారు అటువంటి చోట ఊరికే తిరగదు. ఎలాగూ పోయే భూమే కదా అని అయినకాడికి ఇచ్చేసే మనిషి కోసం కాచుకుని కూర్చునేవాళ్ళుంటారు.

"ఎవరు చెప్పారక్కా?" అంటే "ఫోన్లో వచ్చింది" అంది. ఎవరి ఫోను? మరిదిది. అతనికి ఎవరు పంపారు? తెలీదు. నాకు బాధ కలిగించింది అబద్ధం కాదు, ఆ అబద్ధానికి చిరునామా లేకపోవడం.

ఫీడ్ అనేది ఇక్కడే పనికొస్తుంది. ఒక పత్రికో, సంస్థో తన సైటులో కొత్తగా పెట్టినవాటి జాబితాను చిన్న ఫైలుగా ఉంచుతుంది. శీర్షిక, తేదీ, లింకు, ఒక్కోసారి మొత్తం వ్యాసం. మన ఫోన్లో ఫీడ్ రీడర్ అనే ఆప్ ఆ ఫైళ్ళను చూసి వచ్చి, కొత్తవాటిని ఒకచోట పేరుస్తుంది. 1999లో నెట్‌స్కేప్ కంపెనీలో మొదలైన ఈ పద్ధతికి ఆర్.ఎస్.ఎస్. అని పేరు. (ఒకసారి ఈ మాట అనగానే సగం గది నన్ను అనుమానంగా చూసింది. ఆ సంస్థకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు.) తెలుగు బ్లాగులు వెల్లువెత్తిన రోజుల్లో కూడలి, హారం, మాలిక నడిచింది ఫీడ్ల మీదే. వంటింట్లోంచి రాసే గృహిణి టపా కూడా వాటిలో పేరున్న రచయిత టపా పక్కనే, రాసిన వేళను బట్టి కనిపించేది. 2013 జూలై 1న గూగుల్ తన రీడర్‌ను మూసేసింది. జనం చాలామంది ఫేస్‌బుక్‌కు వెళ్ళిపోయారు. అక్కడ మనం ఏం చూడాలో కంపెనీ తేలుస్తుంది. ఫీడ్ రీడర్లో ఆ జాబితా మనం రాసుకుంటాం. ప్రతి వార్త మీదా ఎక్కడినుంచి వచ్చిందో ఉంటుంది. సాధారణంగా ఆ సైటుకు మన ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదు. వేధింపుల నుంచి బయటపడే దారి వెతుక్కుంటున్న స్త్రీకి ఇది చిన్న సంగతి కాదు. అయితే ఫోను లాక్కుని చూసే భర్త ముందు ఇదీ పనిచేయదు, అది కూడా ఒప్పుకోవాలి.

ఆ ఫోన్ కాల్ తర్వాత మేం ముగ్గురం ఒక ఫోన్లో ఇలా పెట్టుకున్నాం. రెండు దినపత్రికల ఫీడ్లు, కేంద్ర ప్రభుత్వ ప్రకటనలిచ్చే పి.ఐ.బి. ఫీడు, తీర్పుల మీద రాసే ఒకరిద్దరివి. ముందు శీర్షికలే వస్తాయి కాబట్టి సిగ్నల్ ఒక గీత ఉన్నా సరిపోతుంది. డిగ్రీ చదివిన అమ్మాయి వాటిలోంచి రెండు మూడు ఎంచి, ఆదివాసీ ఒడియాలో తన గొంతుతో చెప్పి రికార్డు చేసి, గ్రూపులో పెడుతుంది. మూలం లింకు పెట్టనిదే పంపకూడదని మా షరతు. పాడ్‌కాస్టులు కూడా ఫీడ్లేనని, అక్షరం రాని మనిషికి ఫీడ్ చెవి దారిన అందుతుందని నాకు అప్పుడే అర్థమైంది.

కానీ ఎవరో ప్రచురిస్తేనే ఫీడ్ మోసుకొస్తుంది. కువిలో రాసేవాళ్ళెవరు? గ్రామసభ ఎప్పుడో చెప్పే కాగితం నేను చూసిన ఊళ్ళలో పంచాయతీ తలుపు మీదే ఉంది. ఆ తలుపు దాకా వెళ్ళే తీరిక ఆడవాళ్ళకు ఉండదు. పాలసీ పేపర్లలో "సమాచార లభ్యత" అని రాసేవాళ్ళు (నేనూ రాశాను) ఆ తలుపును లెక్కలోకి తీసుకోరు.

అందుకని గ్రామసభ నోటీసులు, తీర్మానాలు తేదీతో సహా ఫీడుగా ఇవ్వాలనీ, స్థానిక భాషలో చదివి ఆ ధ్వనిని కూడా జతచేయాలనీ పాడేరు ఐ.టి.డి.ఎ.కు ఒక అర్జీ రాశాను. భోజనాల బల్ల దగ్గర పెడతాను. సంతకానికి ముందు చదవండి. నా భాష ఎక్కడ ఆఫీసు భాష అయిపోయిందో అక్కడ కొట్టేసి మీ మాట రాయండి.