సూది పరీక్షకు సమ్మతింపవలెనా?

బుక్కపట్నము చెరువుకట్టమీద మా పెద్దనాయనగారు, అరువదియెనిమిదేండ్ల రైతు, మడిచిన కాగితమొకటి మాకిచ్చిరి. రక్తములో పీ.ఎస్.ఏ. 6.2. ప్రోస్టేటు గ్రంథికి బయాప్సీ చేయవలెనట. "సూది తగిల్తే రోగం పాకుతాదంట కదప్పా?" అని వారి దిగులు.

శ్రోతలారా, అట్లు పాకుట మిక్కిలి అరుదు. ఆలోచింపవలసినది వేరు. ఆ యంకె 4 మొదలు 10 లోపున్న నలుగురిలో ఇంచుమించు ముగ్గురికి క్యాన్సరు ఉండదు. వయసుతో గ్రంథి పెరిగినను, మూత్రమున చీము పట్టినను అంకె హెచ్చును. కావున కొన్ని వారములాగి మరల రక్తము చూపించి, ఎం.ఆర్.ఐ. తీయించుట మేలు. 2018లో వెలువడిన యొక పరిశోధనలో, ముందు ఎం.ఆర్.ఐ. తీయించుకొన్నవారిలో నూటికి 28 మందికి బయాప్సీ అక్కరయే లేకపోయెను. చేరువనే పుట్టపర్తిలో 1991లో వెలసిన ఉచిత వైద్యశాల యున్నది. అచట మూత్రకోశ వైద్యులు కలరు.

బయాప్సీలో సుమారు పండ్రెండు సన్నని తునకలు తీయుదురు. కొన్నాళ్లు మూత్రమున నెత్తురు కనబడవచ్చును. ఒకానొకరికి చీము పట్టి జ్వరము వచ్చును. రోగము తేలినంతమాత్రమున కత్తికి లోబడవలెనని లేదు. బ్రిటనులో గ్రంథి దాటని రోగముగల 1,643 మందిని సుమారు 15 ఏండ్లు గమనించిరి. కనిపెట్టి యున్నవారిలోను, చికిత్స పొందినవారిలోను ఈ రోగముచే గతించినవారు నూటికి ముగ్గురే యని 2023లో తేలినది.

పెద్దనాయనగారి ఎం.ఆర్.ఐ.లో మచ్చ యొకటి కనబడినది. "తీయించుకుంటా లేప్పా, తెలీకుండా నిద్ర పట్టదు" అనిరి. గుండెకు మ్రింగు రక్తము పలుచనచేయు మాత్రలసంగతి వైద్యునితో ముందే చెప్పుడని మాత్రము మేము జ్ఞాపకము చేసితిమి.