రాత్రి అంగడి, గ్రామ పంచాయతీ

ఊరు నిదురించు వేళ పొయ్యి వెలిగించి అన్నమమ్ముట ఎవరి అనుమతితో జరుగవలెను? ఈ ప్రశ్న పట్టణములకే చెందినదని పలువురు తలంతురు. రాత్రి అంగడి యనగానే హైదరాబాదులో చార్మినారు చుట్టు రంజాను మాసమున సాగు సందడి వారికి స్ఫురించును. కాని ఈనాటి ప్రసంగమునకు నేను బీర్కూరు నెన్నుకొంటిని. పట్టణములో ఈ ప్రశ్నకు మంచిదో చెడ్డదో ఒక సమాధానమున్నది. గ్రామములో అదియు లేదు.

బీర్కూరు మంజీరా తీరప్రాంతమున ఒక మండల కేంద్రము, బాన్సువాడ డివిజనులోనిది. 2016 అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి జిల్లా ఏర్పడువరకు ఇది నిజామాబాదు జిల్లాలో నుండెను. మంజీరాపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణము ఈ సీమను వరిమాగాణిగా మార్చినది. వరి పండు చోట రాత్రిపని తప్పదు. ఒకప్పుడు కొడవలి పట్టి పగటిపూట కోసెడివారు. నేడు కోతయంత్రము దీపములు వెలిగించుకొని పొద్దుపోయిన పిమ్మట కూడ పొలమున తిరుగుచున్నది. దానిని నడుపువారు తరచుగా పరాయి ప్రాంతములనుండి వచ్చినవారు. వారికి ఇక్కడ ఇల్లు లేదు, వండిపెట్టువారు లేరు. కొనుగోలు కేంద్రమున ధాన్యము పోసిన రైతు తూకము పడువరకు కుప్పవద్దనే పండుకొనును. అకాలవర్షము కురిసినచో పరదాలు కప్పుటకు మనిషి ఉండవలెను గదా! లారీ ఏ జామున వచ్చిన ఆ జామున లేవవలసిన హమాలీలు, మిల్లులలో రాత్రివంతు పనివారు, తిమ్మాపూరు వేంకటేశ్వరస్వామి ఉత్సవములకు వచ్చి తిరుగు బండి దొరకక నిలిచిపోయిన యాత్రికులు వీరికి తోడు.

వీరందరి ఆకలి తీర్చునది నాలుగు చక్రముల తోపుడుబండి. దానిపై ఒక గ్యాసు పొయ్యి, ఒక పెద్ద కడాయి, ఒక పెనము, గ్రుడ్ల అట్టలు, ఉదయమో సాయంకాలమో వండి తెచ్చిన అన్నపు గిన్నె. మిర్చి బజ్జీలు, ఆమ్లెట్టు, చాయ్, ఇటీవల ఫ్రైడ్ రైసు, నూడుల్సు. చాలచోట్ల భర్త కడాయివద్ద నిలుచును, భార్య పళ్ళెములు కడుగును. మూలధనము అప్పు తెచ్చినది. ఒక్క రాత్రి బండి మూసిన, వండినదంతయు పారబోయవలసినదే.

రాత్రి అన్నమమ్మువారిని ప్రభుత్వము కనిపెట్టియుండుట క్రొత్త సంగతి కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరాధ్యక్షుని విధులు చెప్పు ప్రకరణమున వండిన మాంసము, వండిన అన్నము అమ్మువారి ప్రస్తావన కలదు. తామెరిగిన వారికే వారు బస యీయవలెనని నియమము. నిప్పుతో పనిచేయువారిని ఒక్కచోట నుంచవలెనని కూడ అందే యున్నది. ఓరుగంటి పూటకూటి ఇండ్ల సంగతి క్రీడాభిరామము చదివినవారికి తెలియును. ఆంగ్లేయులు రాత్రివేళ తెరచియుండు ఫలహారశాలలకై 1860లోనే ఒక చట్టము చేసిరి. ఇంగ్లండు, వేల్సులలో 2003 నాటి లైసెన్సుల చట్టము ప్రకారము రాత్రి 11 గంటల మొదలు తెల్లవారుజామున 5 గంటల వరకు వేడి ఆహారముగాని వేడి పానీయముగాని ప్రజలకు అమ్ముటకు స్థానిక సభ అనుమతి కావలెను. చల్లని రొట్టెముక్కకు ఆ నిర్బంధము లేదు! వినుటకు వింతగా నున్నను దానికి కారణమున్నది. వేడి తిండి ఉన్నచోట జనము గుమిగూడును. గుమిగూడినచోట కేకలు, చెత్త, కలహములు బయలుదేరును. ప్రక్కయింటివాని నిదుర చెడును. ఆ చట్టపు దృష్టి ముఖ్యముగ పొరుగువానిమీదనే. మన చట్టముల దృష్టి మరియొక దెసకు పోయినది.

మన దేశమున 2006 నాటి ఆహారభద్రతా ప్రమాణముల చట్టము తినువానిని చూచును. దాని క్రింద 2011లో వెలువడిన నిబంధనలు ఏడాదికి 12 లక్షల రూపాయలకు మించని వ్యాపారము గల చిన్నవారికి నమోదు చాలునని, దానికి ఏటా 100 రూపాయల రుసుమని విధించినవి. మంచిదే. కాని ఆ నమోదుపత్రము ఆహారమును గూర్చినది; బండి ఎచట నిలువవచ్చును, ఎంత ప్రొద్దుపోవువరకు నిలువవచ్చును అను తగవు దానితో తీరదు. అమ్మువానిని చూచునది 2014 నాటి వీధివ్యాపారుల చట్టము. అందు పట్టణ వ్యాపార కమిటీలున్నవి, వానిలో కనీసము నూటికి 40 మంది వ్యాపారులే యుండవలెనను నియమమున్నది, వారిలో మూడవవంతు స్త్రీలుండవలెననియు నున్నది. గుర్తింపుపత్రము, ముందుగా తెలుపక తొలగింపరాదను రక్ష కూడ గలవు. అయితే ఆ చట్టము చెప్పు స్థానికసంస్థ పురపాలకసంఘమో, నగరపంచాయతీయో, కంటోన్మెంటు బోర్డో, గ్రామపంచాయతీ కాదు. బాన్సువాడ పురపాలకసంఘమైనది కనుక అక్కడి బండివానికి ఆ రక్ష చెల్లును. బీర్కూరు బండివానికి చెల్లదు. అదే కడాయి, అదే బజ్జీ. ఊరి హద్దు దాటగానే హక్కు ఆవిరియగుచున్నది.

ఇక 2023 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము దుకాణములు రేయింబవళ్ళు తెరచియుంచుకొనుటకు వీలు కల్పించుచు ఒక ఉత్తర్వు వెలువరించినది. ఏడాదికి 10,000 రూపాయల రుసుము. పనివారికి వారపు సెలవు, రాత్రి పనిచేయు స్త్రీల సమ్మతి, వారికి వాహనసౌకర్యము మొదలగు షరతులు. నగరములోని పెద్ద అంగడికి ఇది న్యాయమే. భార్యాభర్తలు నడుపుకొను బండికి పదివేలు కట్టుమనుట దానిని మూయుమనుటకు మారుమాట.

పత్రము లేనివాని గతి ఏమి? గస్తీ తిరుగు కానిస్టేబులు దయ. అతడు మంచివాడైన ఒక చాయ్ త్రాగి పోవును. కాకున్న లాఠీతో పొయ్యి ఆర్పించును. రెండును చట్టము కాదు. హైదరాబాదులోనే 2024 వేసవిలో పోలీసులు రాత్రి అంగళ్ళను పెందలకడ మూయించుచుండగా గగ్గోలు పుట్టినది. ఆగస్టులో ముఖ్యమంత్రి రేవంతురెడ్డి శాసనసభలో మద్యము దుకాణములు తప్ప తక్కిన అంగళ్ళు రాత్రి 1 గంట వరకు ఉండవచ్చునని ప్రకటింపవలసివచ్చెను. రాజధానిలోని తగవు శాసనసభకెక్కినది. గ్రామపు బండివాని తగవు ఎక్కడికెక్కును?

అట్లని తినువాని ప్రాణమును మరువరాదు. 2024 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్సున మోమోలు తిన్నవారు పలువురు జబ్బుపడిరి; ఒక స్త్రీ మరణించినది. ఆ నెల 30వ తేదీన పచ్చిగ్రుడ్డుతో చేయు మయోనైజును రాష్ట్రప్రభుత్వము ఏడాదిపాటు నిషేధించినది. గ్రామపు బండిపై అంతకన్న సామాన్యమైన అపాయ మొకటి కలదు, అది అన్నము. వండిన అన్నము వేడి తగ్గి గంటలకొలది అట్లే యుండినచో ఒక జాతి సూక్ష్మజీవులు అందు పెరిగి విషము పుట్టించును. ఆ విషము పెనముమీద మరల వేయించినను పోదు. తినినవాడు కొద్ది గంటలలోనే వాంతులతో బాధపడును. వండినదానిని రెండు గంటలకు మించి బయట నుంచరాదని, వేడిది 60 డిగ్రీలకు పైన, చల్లనిది 5 డిగ్రీలకు లోపల నుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పును. బండివానికి శీతలపేటిక లేదు. అయినను అన్నమును ఒక్కసారి వండక రెండుమూడు వాయలుగా వండుకొనుట అతనికి సాధ్యమే. మరిగిన నూనె మాట వేరుగా చెప్పనేల? నల్లబడి నురుగులు కట్టువరకు ఒకే నూనెను వాడువారు మన యెదుటనే యున్నారు. వార్తాపత్రికలో బజ్జీలు కట్టియిచ్చుట నిషిద్ధమని ఎందరెరుగుదురు? వంటయింటి గ్యాసు సిలిండరు వ్యాపారమునకు వాడరాదనునది అందరు నెరుగుదురు, పాటించుటయే తక్కువ.

కనుక గ్రామపంచాయతీయే ఒక పర్వానా ఈయవలెనని నా అభిప్రాయము. వీధిదీపములు, చెత్త ఎత్తించుట, మంచినీరు, ఇవి పంచాయతీ పనులే గదా. రాత్రి బండికి కావలసినవియు ఇవియే. పాఠశాల, ఆసుపత్రి, ఇండ్ల వాకిళ్ళు వదలి, లారీలు మలుగుటకు అడ్డులేని ఒక చోటు గుర్తింపవలెను. అక్కడ ఒక కుళాయి, ఒక దీపము, ఒక చెత్తకుండీ. రుసుము నామమాత్రముగ నుండవలెను. లేనిచో పత్రము కొనుటకన్న లంచమిచ్చుట చౌక యగును. ఆహారభద్రతా నమోదు చూపినవానికే పర్వానా. మద్యము దుకాణమునకు చేరువ చోటు ఈయరాదు. ఇందు నేను మెత్తబడను. రాత్రి బండివలన త్రాగుబోతులు చేరుదురని ఇల్లాండ్రు చెప్పు అభ్యంతరము వట్టిది కాదు. దానిని గ్రామసభలో వినవలెను.

ఎన్ని గంటలవరకు? ఏడాది పొడుగున ఒకే గడియారము పెట్టుట ఈ సీమకు తగదు. కోతలు, కొనుగోళ్ళు సాగు దినములలో ఒక గడువు, తక్కిన దినములలో అంతకు ముందొక గడువు ఉండిన చాలును. పోలీసుఠాణా అధికారితో ముందే మాటాడి ఆ గంటలు నిర్ణయింపవలెను. లేనిచో పంచాయతీ ఇచ్చినదానిని ఠాణా త్రోసిపుచ్చును.

ఈ పని ఇంతవరకు కాకుండుటకు ఒక సాకుండెడిది. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గముల గడువు తీరినది. 2025 డిసెంబరు ఎన్నికల వరకు రాష్ట్రమందలి గ్రామములను ప్రత్యేకాధికారులు పాలించిరి. అప్పుడు అడుగుటకు సర్పంచి లేడు. ఇప్పుడున్నాడు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము రెండు నెలలకొకసారి గ్రామసభ జరుగవలెను. బండివారు నలుగురు, వారి పొరుగిండ్లవారు నలుగురు ఆ సభకు పోయి కూర్చుండి, చోటును గూర్చియు గంటను గూర్చియు తీర్మానము వ్రాయించుకొనవచ్చును. ఆ పత్రమును పెద్ద అక్షరములతో వ్రాయించి బండి ముందుభాగమున వ్రేలాడదీసినచో, గస్తీవాడు దీపపు వెలుగున చదువుకొని ముందుకు సాగును.