ధర్మమైన వస్త్రము, ధర్మమైన వెల
(అనంతపురమున యువతీయువకుల సమావేశమున మేము చేసిన యుపన్యాసము)



స్వల్పమైన మూలధనముతో నొక వస్త్రాలయము నెలకొల్పి, నేయువానిని మోసగింపనివియు నేలను చెఱుపనివియు నగు బట్టలనే విక్రయింపదలచితిమని మీలో కొందఱు మాతో జెప్పి, దారి చూపుడని కోరిరి. సంకల్పము మంచిది, కొత్తది మాత్రము కాదు. 1905వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన కలకత్తాలో వెలువడిన స్వదేశీ దీక్షను స్మరించియే 2015 మొదలు ఆ దినమును జాతీయ చేనేత దినముగా జరుపుకొనుచున్నాము. అయితే స్వదేశీ యైనంత మాత్రమున వస్త్రము ధర్మమైనది కాజాలదు. వడకువారికి దక్కుచున్న కూలి కడుపు నింపునది కాదని గాంధీమహాత్ముడు పట్టుబట్టగా, 1935లో అఖిల భారత చరఖా సంఘము దానిని జీవనాధారమగునట్లు పెంప నిశ్చయించెను. ఖద్దరు వెల పెరిగినచో కొనువారు తగ్గుదురని భయపడినవారు నాడును గలరు. అంగడి తెరచిన మొదటి నెలలోనే మీకును ఆ భయమే యెదురగును.

2022 నాటి జిల్లా విభజనముతో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ధర్మవరమును జూడుడు. అచట పెక్కు చీరలకు పట్టునూలును జరీయు పెట్టుబడిదారునివి. ఇంటిల్లిపాది రెక్కలకష్టము నేతగానిది. అతనికి దక్కునది మజూరి మాత్రమే. పట్టు వెల పెరిగినను, చీర వెల తగ్గినను వేటు మజూరిపైననే పడును. మగ్గపు గుంతలో నీరూరినచో పని నిలిచిపోవును. కరవుసీమలో ఎన్నడో కురియు వానయు అతనికి పగయే. అప్పుల పాలై ప్రాణములు తీసికొన్న నేతగాండ్ర వార్తలు మన పత్రికలకు కొత్త కావు.

శాసనము లేకపోలేదు. 1985 నాటి చట్టము 22 రకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించెను. పిమ్మట నవి 11కు తగ్గినవి. 1993లో సుప్రీముకోర్టు ఆ చట్టమును సమర్థించినది. చీర నేటికిని ఆ పట్టికలో నున్నది. అయినను మరమగ్గపు చీర ధర్మవరపు పేరుతో బజారున అమ్ముడగుచునే యున్నది. న్యాయవాదులమగు మే మనుట వింతగా దోచునేమో గాని, ఈ విషయమున చట్టము కంటె అంగడివాని నిజమైన మాటయే బలమైనది.

2004లో వెలసిన సిల్కుమార్కు పట్టు శుద్ధమని చెప్పును. 2006 నాటి హ్యాండ్లూముమార్కు చేతితో నేసినదని చెప్పును. నేసినవానికెంత ముట్టెనో ఆ రెండును చెప్పవు. ఆ మాట మీ చీటి చెప్పవలెను. పట్టునూలునకెంత, జరీకెంత, మజూరి యెంత, ఎన్ని దినముల పని, మీ లాభమెంత—అన్నియు వ్రాసి ప్రతి చీరకు కట్టుడు. మజూరిని దినములతోను, పనిచేసిన చేతుల లెక్కతోను భాగించి చూడుడు. అదే యూర తాపీపనికి పోయినవాని దినకూలి కంటె తక్కువ తేలినచో, ఆ చీటి కట్టుటకు మీకే సిగ్గు వేయును.

పది చీరలతో నారంభింపుడు. సరకు అరువు దెచ్చి, అమ్మిన పిదప సొమ్మిత్తుమనుట నేర్పైన వర్తకమని తలంతురేమో. ఆ యరువునకు వడ్డీ కట్టునది నేతగాడు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ప్రకారము, నమోదైన చిన్న ఉత్పత్తిదారుని సరకునకు 45 దినములు మించకుండ సొమ్ము చెల్లింపవలెను; మించినచో బ్యాంకురేటునకు మూడింతల చక్రవడ్డీ. మజూరికి నేయువానికి ఈ రక్షణ చిక్కుట కష్టము. కావున మగ్గమున పడుగు ఎక్కింపకమునుపే కొంత మజూరి చేతిలో బెట్టుట మీ నియమము కావలెను.

ఇక నీటి సంగతి. సాలీన ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకు సీమ మనది. పట్టు బంక నుడికించి తీసిన నీటిని, అద్దకపు మురుగును చెరువున విడుచుట 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టమునకు విరుద్ధము. కరక్కాయ, దానిమ్మ తొక్క, మంజిష్ఠ, నీలి మంచివే. అయినను ‘ప్రకృతి రంగు’ అనగానే మురియవలదు. రంగు నిలుచుటకు కలిపిన లవణమేది, కడిగిన నీరెచటికి పోయెను, అని యద్దకమువానిని అడుగుడు. జవాబు దొరకనిచో చీటిపై ‘తెలియదు’ అనియే వ్రాయుడు. కొనువారు కొందఱు వెడలిపోవుదురు, పోనిండు.

మీలో నెవరు ముందుకు వచ్చినను, నేతగానితో చేసికొను ఒడంబడికను అతనికి తెలిసిన మాటలలో, రుసుము లేకుండ మేము వ్రాసి యిత్తుము. సంతకమునకు ముందు అతనికి రెండుమారులు చదివి వినిపింపుడు.