పురుషుని అంతఃస్రావములు



ఆర్మూరు ప్రాంతమున పసుపు పండించు రైతునకు ఎద్దునకును ఆంబోతునకును గల భేదమును నేను చెప్పనక్కరలేదు. కోడెను కాడికి అలవరచుటకు ముందు వృషణములకు పోవు నాళములను పటకారుతో నొక్కించుట వాడుక. నెత్తురు అందక అవి క్రమముగా ఎండిపోవును. అంతట రంకె తగ్గును, పోట్లాట తగ్గును, పసుపు బస్తాల బండికి కట్టిన పశువు నెమ్మదిగా నడచును. ఈ మార్పు ఎట్లు కలిగినది? సభ్యతకు భంగమని ఇండ్లలో ఎవరును ఈ మాట ఎత్తరు గనుకనే ఇచ్చట చెప్పుచున్నాను.

1849 లో జర్మనీ దేశపు గోటింగెన్ నగరమున బెర్తోల్డు అను పండితుడు కోడిపుంజుల వృషణములను తీసివేయగా వాని జుట్టు వాడెను, కూత మారెను. మరికొన్ని పుంజులకు తీసిన వృషణమును కడుపులో వేరొకచోట అమర్చగా అవి పుంజులుగనే నిలిచెను. నరములు తెగినను గుణము నిలిచినది. కావున వృషణమునుండి ఏదియో ద్రవ్యము రక్తమున కలిసి ఒడలెల్ల ప్రాకుచున్నదని తేలెను. 1935 లో ఆమ్‌స్టర్‌డాము పండితులు సుమారు 100 కిలోల ఆంబోతు వృషణములనుండి 10 మిల్లీగ్రాముల ఆ ద్రవ్యమును వేరుచేసిరి. దాని పేరు టెస్టోస్టిరోను.

వృషణమందలి సన్నని గొట్టములలో శుక్రకణములు పుట్టును. గొట్టముల నడుమ టెస్టోస్టిరోను ఊరును. రెండింటిపైనను మెదడుదే అధికారము. మెదడడుగున నున్న హైపోథాలమస్ గంటన్నరకో రెండు గంటలకో ఒక సంకేతము పంపును. పీయూషగ్రంథి దానినందుకొని రెండు హార్మోనులను విడుచును. ఒకటి టెస్టోస్టిరోనును ఊరించును, రెండవది శుక్రకణముల పోషణకు తోడ్పడును. రక్తమున టెస్టోస్టిరోను హెచ్చగానే సంకేతము తగ్గును. చేను తడిసినంతనే తూము మూయు నీరటికాని పని వంటిదే ఇది.

మగవారికి చేయు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స అనగానే "నన్ను ఎద్దును చేయుదురా?" అని పల్లెలలో వెనుకాడుదురు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము దేశమున వివాహితలలో నూటికి 38 మంది వరకు తామే శస్త్రచికిత్స చేయించుకొనిరి. భర్తకు చేయించినవారు నూటికి 0.3 మాత్రమే. భారమంతయు ఆడవారిపైననే పడినది. ఎద్దునకు వృషణమే నశించినది. ఈ చికిత్సలోనో, శుక్రకణములు వెడలు నాళమును మాత్రమే కత్తిరించి కట్టుదురు. టెస్టోస్టిరోను ఆ దారిన పోదు, రక్తమున పోవును. గడ్డము, గొంతు, బలము, కోరిక యథాప్రకారముగ నుండును. అయితే నాళములలో మిగిలిన కణములు పోవుటకు సుమారు మూడు మాసములు పట్టును. పరీక్షలో లేవని తేలువరకు వేరు జాగ్రత్త తప్పదు.

చిత్రమేమనగా, ఎద్దునగుదునని ఇచ్చట బెదరువారుండగా, కండల కొరకు వ్యాయామశాలలలో టెస్టోస్టిరోను సూదులు పొడిపించుకొను యువకులును కలరు. వెలుపలినుండి వచ్చినదానిని చూచి మెదడు సంకేతమును ఆపును, వృషణము పని మానును. 1990 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన పరిశోధనలో వారమునకొక సూది పొందిన పురుషులలో సగమునకు మించి శుక్రకణములు బొత్తిగా లేకపోయెను. గర్భనిరోధమునకై చేసిన పరిశోధన అది!

సంతానము కలుగని యింట కోడలినే నిందించుట మన వాడుక. అట్టి జంటలలో దాదాపు సగమునందు పురుషుని లోపమునకును పాలు కలదు. శుక్రకణములు లేని కొందరు పురుషులయందు వై క్రోమోజోములో కొంతభాగము లోపించియుండుటను హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు 2003 లో ప్రకటించిరి. ఇందు భార్య చేసినదేమున్నది? రెండవ పెండ్లి మాట ఎత్తు పెద్దలు ముందుగా కుమారుని వీర్యపరీక్షకు పంపుదురుగాక. రెండు మొదలు ఏడు దినములు సంయోగము మాని, నమూనాను గంటలోపల ప్రయోగశాలకు చేర్పవలెను. శుక్రకణము తయారగుటకు రెండున్నర మాసములు పట్టును. అదియును ఒడలికన్న రెండు మూడు డిగ్రీలు చల్లని చోటనే. తీవ్రమైన జ్వరము తగిలినను లెక్క తగ్గవచ్చును. కావున మొదటి ఫలితము బాగుగా లేనిచో మూడు మాసములు ఆగి మరల చేయింపవలెను.